డ్రాయింగ్ మూలన రాసిన ఆ ఒక్క లైను

గోనెసంచి మూతి విప్పగానే ముందు ఎర్రటి పొడి రాలింది. ఆ తరవాత బ్రాకెట్లు. నాలుగు నెలల కిందట హైదరాబాద్ బాలానగర్‌లోని మా షాపు నుంచి పసుపు రంగులో తళతళలాడుతూ వెళ్లిన సరుకు అది. భీమవరం నుంచి ట్రాన్స్‌పోర్టులో తిరిగొచ్చేసరికి పాత ఇనప సామాన్ల కొట్టులో ఏరినట్టుంది. సంచిలో చీటీ ఏమీ లేదు. సాయంత్రం ఆ సరుకు కొన్న భీమవరం ఆయనే ఫోన్ చేశారు. "ఏవండీ, ఒక్క పంట కూడా తిరగలేదండి. మీ పసుపంతా మా చెరువులో కలిసిపోయింది" అన్నారు. గొంతులో కోపం కంటే ఎగతాళి ఎక్కువగా ఉంది. కోప్పడినా బాగుండేదనిపించింది.

మాది చిన్న షాపు. కంప్యూటర్‌తో నడిచే రెండు సీఎన్‌సీ లేతులు, ఒక వీఎంసీ (అలాగే నడిచే నిలువు మిల్లింగ్ మెషిన్), మూలన ఒక పాత మిల్లింగ్ మెషిన్. ఏళ్ల తరబడి చేసిందంతా జాబ్‌వర్కే. తిప్పిన పార్టుకి నూనె రాసి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి పంపేస్తే మా పని అయిపోయినట్టు. మహా అయితే బ్లాకడైజింగ్, అంటే ఇనుము మీద నల్లటి పొర, చేయించేవాళ్లం. రొయ్యల చెరువుల్లో నీళ్లు చిలికే ఏరేటర్లు తయారుచేసే ఈయన 120 సెట్ల ఆర్డరిచ్చారు. మోటారు కింది బ్రాకెట్లు, కప్లింగులు, గేర్‌బాక్సు షాఫ్టులు, స్టడ్లు (తల లేని, మరలున్న కడ్డీలు) మేం చేసి ఇవ్వాలి. డ్రాయింగ్‌లో కుడిచేతి కింది మూలన ఒక్క లైనుంది: "జింక్ ప్లేటింగ్, ఎల్లో". పెళ్లిపత్రిక అడుగున అచ్చేసిన ప్రెస్సు పేరు ఎలా చదువుతామో ఆ లైను నేను అలా చదివాను. ఉందని తెలుసు, దానితో నాకేం పని అనుకున్నాను.

ప్లేటింగ్ షాపు, అంటే కరెంటుతో లోహపు పూత వేసే చోటు, మా వెనక సందులోనే. కిలో లెక్కన రేటు. ఆటోలో వేసి పంపితే మర్నాడు మధ్యాహ్నానికి మెరుస్తూ వచ్చేశాయి. మా కుర్రాళ్లు ఫొటోలు కూడా తీసుకున్నారు.

ఇప్పుడు అదే సంచి భుజాన వేసుకుని ఆ సందులోకి నడిచాను. లోపల వాట్లన్నీ, అంటే పూత ద్రావణాల తొట్లన్నీ, చూసుకునే పెద్దాయన్ని అందరూ చాచా అంటారు. ఒక బ్రాకెట్ తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. గీరాడు. "ఏం చాచా, ఇదేనా మీ జింకు?" అన్నాను, కాస్త గట్టిగానే. ఆయన తొణకలేదు. "మీరు రంగు అడిగిన్రు సార్, రంగు ఇచ్చిన. మైక్రాన్లు అడిగిన్రా?"

అడగలేదు. మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, పూత మందం దాంతోనే కొలుస్తారు. అది అడగాలన్న సంగతే నాకు తెలీదు. నూటికి నూరుపాళ్లు నా తప్పు అది. ఆ రోజు మొదలైన చదువు దాదాపు ఏడాది సాగింది. ఫీజు మాత్రం మూడు లాట్ల సరుకు.

పసుపు రంగు జింకుది కాదని చాచా దగ్గరే మొదట తెలిసింది. జింకు వేసిన వెంటనే పార్టు నీలం మెరుపున్న వెండి రంగులో ఉంటుంది. దాన్ని పలుచటి నైట్రిక్‌లో ఒక్కసారి ముంచి, క్రోమేట్ ద్రావణంలో కొన్ని సెకన్లు ఉంచితే పైన సన్నటి పొర ఏర్పడుతుంది. దాన్ని పాసివేషన్ అంటారు. ఆ ద్రావణాన్ని బట్టి తెలుపు, నీలం, పసుపు, ఆలివ్ పచ్చ, నలుపు రంగులు వస్తాయి. జింకు చెడిపోకుండా ఈ పొర కాస్తుంది, ఇనుము తుప్పు పట్టకుండా జింకు కాస్తుంది. కింద జింకు 3 మైక్రాన్లున్నా 12 మైక్రాన్లున్నా పైన పసుపు ఒక్కలాగే కనిపిస్తుంది. కంటికి తేడా తెలియదు. పైన పటారం లోన లొటారం అని మా అమ్మ ఇత్తడి గిన్నెల విషయంలో అంటుండేది. కళాయి వేసేవాడు వీధిలో గుంట తీసి, బొగ్గులు పేర్చి, తిత్తి ఊది, కాలిన గిన్నెలో నవాసాగరం చల్లితే తెల్లటి పొగ లేచేది. తగరం కరిగించి గుడ్డతో ఒక్క తిప్పు తిప్పేవాడు. గిన్నె వెండిలా మెరిసేది. అమ్మ మాత్రం ఆ మెరుపు చూసి డబ్బులిచ్చేది కాదు. గిన్నె అడుగు మూల దాకా వేలు పోనిచ్చి, తగరం అక్కడికి అందిందో లేదో చూసి ఇచ్చేది. అందకపోతే వారానికే పులుసు చిలుమెక్కుతుంది. ఆవిడకున్న పాటి తెలివి నాకు లేకపోయింది.

మందం కొలిచే చేతి గేజు ఒకటి కొన్నాను. ఇనుము మీది జింకు అయస్కాంతానికి అంటదు కాబట్టి మామూలు మాగ్నెటిక్ గేజు సరిపోతుంది. మొదటి లాటులో మా దగ్గర మిగిలిన బ్రాకెట్ మీద పెడితే బయటి ముఖాన 5, లోపలి మూలల్లో 2 చూపించింది. బ్రాకెట్ ఆకారం ఇంగ్లిష్ యూ అక్షరంలా ఉంటుంది. కరెంటు ఎప్పుడూ అంచులకీ, బయటికి పొడుచుకొచ్చిన మూలలకీ ఎగబడుతుంది. గూట్లోకి, బొక్కలోకి పోదు. కరెంటు పోని చోటికి లోహమూ పోదు. మన బ్రాకెట్లో నీళ్లు నిలిచేది మాత్రం సరిగ్గా ఆ గూట్లోనే.

రెండో లాటుకి డ్రాయింగ్ మీద ఎర్ర పెన్నుతో "12 మైక్రాన్లు, తక్కువ కాకుండా" అని రాశాను. చాచా లెక్క చెప్పాడు. చదరపు డెసిమీటరుకి 2 ఆంపియర్ల చొప్పున కరెంటు ఇస్తే నిమిషానికి అర మైక్రాన్ పైచిలుకు ఎక్కుతుంది, అంటే వాట్లో ఇరవై నిమిషాల పైన ఉండాలి. ముందు బారెల్లో దొర్లించి చేసినవాటిని ఇప్పుడు ఒక్కోటీ జిగ్గుకి, అంటే కొక్కేల చట్రానికి, తగిలించి చేయాలి. కిలో రేటు పోయి పీసు రేటు వచ్చింది. సరే అన్నాను.

బ్రాకెట్లు బాగానే వచ్చాయి. స్టడ్లు వచ్చాయి చూడండి, అసలు గోల అక్కడ. మేమే తిప్పిన ఎం8 స్టడ్లు, అంటే 8 మిల్లీమీటర్ల మరవి. ప్లేటింగ్‌కి పోయేముందు గో గేజు (మర కొలత సరిగా ఉంటేనే ఎక్కే రింగు) వెన్నలా ఎక్కింది. వచ్చాక రెండు మరలు ఎక్కి బిగుసుకుపోయింది. 200 స్టడ్లు. మొదట చాచా మీదే విరుచుకుపడబోయాను. కానీ ఈసారి కాగితం పెన్ను తీసుకుని కూచున్నాను. షాఫ్టు మీద 12 మైక్రాన్లు వేస్తే వ్యాసం 24 పెరుగుతుంది, రెండు పక్కలా కదా. మర మీద అలా కాదు. మర గోడలు 60 డిగ్రీల కోణంలో ఏటవాలుగా ఉంటాయి. దాని మీద పూత వేస్తే పిచ్ వ్యాసం, అంటే మర పళ్ల నడిమి ఎత్తులో కొలిచే వ్యాసం, పూత మందానికి నాలుగింతలు పెరుగుతుంది. 12 మైక్రాన్లకి 48. ఎం8 మామూలు మరకి, 6జీ అనే టాలరెన్సు తరగతిలో, నట్టుకీ బోల్టుకీ మధ్య వదిలే సందు 28 మైక్రాన్లు. అంటే 7 మైక్రాన్ల పూత దాటితే గ్యారంటీగా నట్టు ఎక్కుతుందని చెప్పలేం. ఏ టేబుల్లో ఉందో నాకు తెలిసిన అంకె అది. సీఎన్‌సీ ప్రోగ్రాం రాసేటప్పుడు రోజూ వాడే పుస్తకంలోనే ఉంది. ప్లేటింగ్‌నీ దాన్నీ కలిపి చూడాలని మాత్రం ఎన్నడూ తట్టలేదు. డ్రాయింగ్‌లోని కొలతలు ప్లేటింగ్‌కి ముందువా, తరవాతవా? ఆ ప్రశ్న నేను భీమవరం ఆయన్ని అడగలేదు, ఆయన నాకు చెప్పలేదు. చివరికి స్టడ్ల మరలన్నీ ముందే కొంచెం సన్నగా తీసి మళ్లీ చేశాం. పాత 200 తుక్కుకి పోయాయి.

అప్పుడైనా బుద్ధి రావాలి. రాలేదు. బోల్టుల కథ ఇంకా మిగిలే ఉంది.

గేర్‌బాక్సు మూతకి ఆరేసి అలెన్ బోల్టులు (తలలో ఆరు పలకల గుంట ఉండేవి) పడతాయి. మొదటిసారి భీమవరం ఆయనే కొనుక్కున్నారు. రెండోసారి "బోల్టులు కూడా మీరే వేసి పంపండి, అన్నీ ఒకే రంగులో ఉంటే చూడ్డానికి బాగుంటుంది" అన్నారు. సికింద్రాబాద్ రాణిగంజ్ బజారుకి వెళ్లి అలెన్ బోల్టులు తెచ్చాను. అక్కడ మామూలుగా దొరికేవి నల్లవి, తల మీద 12.9 అని ఉంటుంది, అది బోల్టు బలాన్ని చెప్పే గ్రేడు. వాటిని కూడా జింకు వాట్‌కి పంపాను. నలుపు పోగొట్టడానికి యాసిడ్‌లో కాసేపు ఎక్కువే నానబెట్టారు. పసుపు రంగులో ముద్దుగా వచ్చాయి. సాయంత్రం ఆరు గేర్‌బాక్సులు బిగించి, టార్క్ రెంచితో చూసుకుని, షట్టర్ వేసి ఇంటికెళ్లాం.

పొద్దున షట్టర్ ఎత్తేసరికి బెంచీ కింద మూడు బోల్టు తలకాయలు పడి ఉన్నాయి. ఎవరూ ముట్టుకోలేదు. మెషిన్ తిప్పలేదు. రాత్రి నిలబెట్టిన చోటే గేర్‌బాక్సులున్నాయి, తలలు మాత్రం తెగి కింద పడ్డాయి. మేం చూస్తుండగానే, టీ తాగుతుంటే, నాలుగోది "టప్పు"మంది. మా ఆపరేటరు దిష్టి అన్నాడు. నవ్వొచ్చింది కానీ నాకూ అంతకంటే మంచి కారణం దొరకలేదు ఆ క్షణాన.

విరిగిన ముఖం చూస్తే విచిత్రంగా ఉంది. మామూలుగా ఎక్కువ బిగిస్తే బోల్టు సాగి, నడుము సన్నబడి, అప్పుడు తెగుతుంది. ఇది ఎక్కడా సాగలేదు. పటికబెల్లం ముక్క విరిచినట్టు పలుకులు పలుకులుగా, మెరుస్తూ ఉంది. మెటలర్జీ చదివిన మిత్రుడికి ఫొటో పంపితే రెండు నిమిషాల్లో ఫోన్ చేశాడు. "12.9 బోల్టుని యాసిడ్‌లో పెట్టి, ప్లేటింగ్ చేసి, బేకింగ్ చేయలేదు కదూ?" అన్నాడు.

హైడ్రోజన్ ఎంబ్రిటిల్‌మెంట్ అంటారు దీన్ని, హైడ్రోజన్ వల్ల ఉక్కు పెళుసెక్కడం. ఇనుము మీద యాసిడ్ పనిచేస్తే హైడ్రోజన్ పుడుతుంది. ప్లేటింగ్ వాట్లో కరెంటు పెట్టినప్పుడు కూడా జింకుతో పాటు కొంత హైడ్రోజన్ పార్టు మీద పుడుతూనే ఉంటుంది. ఎక్కువ భాగం బుడగలుగా పోతుంది. కొంత మాత్రం పరమాణువులుగా ఉక్కులోకి ఇంకిపోతుంది. మెత్తటి ఉక్కుకి దానివల్ల పెద్ద బాధ లేదు. 12.9 బోల్టు గట్టిదనం రాక్‌వెల్ సి స్కేలు మీద 39 నుంచి 44 దాకా ఉంటుంది. అంత గట్టి ఉక్కుని బిగించి లాగి ఉంచితే, లోపలి హైడ్రోజన్ మెల్లగా ఒత్తిడి ఎక్కువున్న చోటికి, అంటే తల కింది మూలకి, మొదటి మర దగ్గరికి చేరుతుంది. అక్కడ సన్నటి పగులు మొదలవుతుంది. గంటలు పడుతుంది, ఒక్కోసారి రోజులు. అందుకే బిగించినప్పుడు ఏమీ కాలేదు. భీమవరంలో నీళ్ల మధ్య తిరుగుతున్న మిషన్ మీద ఇదే జరిగి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ అరచేతులు చెమట పడతాయి.

మందేమిటంటే, ప్లేటింగ్ అయిన నాలుగు గంటల లోపు ఓవెన్లో పెట్టి 190 నుంచి 220 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచాలి. ఉక్కు ఎంత గట్టిదైతే అంత ఎక్కువ సేపు. ఇంకో మెలిక ఉంది. పసుపు పాసివేషన్ అంత వేడికి నిలవదు, పొర పగిలి కాపుదల పోతుంది. కాబట్టి ముందు జింకు, తరవాత బేకింగ్, చివర పాసివేషన్. ఈ వరస తప్పి, అన్నీ అయ్యాక ఓవెన్లో పెట్టిన సరుకు కూడా తరవాత ఒకచోట చూశాను.

చాచాకి ఇదంతా తెలుసు. "స్ప్రింగులొస్తే కాలుస్తం సార్. మీ బోల్టులు డబ్బాల పోసి పంపిన్రు, 12.9 అని చెప్పకపోతిరి." ఈసారి నేనేమీ అనలేదు.

ఆ పైన అసలు ప్రశ్న వేసుకున్నాను. గేర్‌బాక్సు మూతకి 12.9 బోల్టు ఎందుకు? ఎందుకూ లేదు. బజార్లో అది దొరికింది కాబట్టి తెచ్చాను, అంతే. 8.8 చాలు. అది అంత గట్టిది కాదు, ఈ బెడద దానికి లేదు. తప్పనిసరిగా గట్టి బోల్టే కావాలంటే జింక్ ఫ్లేక్ పూత ఉంది. జింకు, అల్యూమినియం రేకుల పొడిని బైండరులో కలిపి ముంచి, తిప్పి విదిలించి, ఓవెన్లో కాలుస్తారు. కరెంటు లేదు, పూత వేసేటప్పుడు హైడ్రోజన్ పుట్టదు. మోటారు వాహనాల బోల్టుల మీద కనిపించే మసక వెండి రంగు చాలా వరకు అదే. చివరికి మేం నీళ్లు పడే చోటంతా స్టెయిన్‌లెస్ బోల్టులకి మారాం. వాటి నట్లు బిగించేటప్పుడు యాంటీ సీజ్ గ్రీజు రాయకపోతే పట్టేసుకుంటాయి, విప్పాలంటే కోయడమే. అది కూడా రెండు బోల్టులు కోశాకే నేర్చుకున్నాం.

బోల్టుల గురించే ఇంకొక మాట. భీమవరం ఆయన మొదట కొన్న జింకు బోల్టులు స్టెయిన్‌లెస్ ఫ్రేముకి బిగించారట. నెలకే తినేసింది. జింకు ఇనుముని కాచేది తనను తాను బలిచ్చుకునే. పూత మీద గీత పడినా చుట్టూ ఉన్న జింకు ముందు కరిగి ఇనుమును కాపాడుతుంది. కానీ అంత పెద్ద స్టెయిన్‌లెస్ ఫ్రేము కోసం చిటికెన వేలంత బోల్టు మీది జింకు బలైపోవాలంటే ఎన్నాళ్లుంటుంది? ఉప్పునీటిలో అయితే మరీను. తిరగేసి, జింకు పూసిన పెద్ద బ్రాకెట్‌కి స్టెయిన్‌లెస్ బోల్టు పెడితే పరవాలేదు.

ఇంతకీ బ్రాకెట్ల సంగతి. 12 మైక్రాన్ల జింకు ఆ చెరువు గట్టు మీద ఎన్నాళ్లు నిలుస్తుందని నా మిత్రుణ్ని అడిగితే, ఏరేటర్ చల్లే ఉప్పునీళ్ల కింద రోజంతా తడుస్తూ ఆరుతూ ఉండే వస్తువుకి ఎలక్ట్రోప్లేటింగ్ ఆలోచించడమే పొరపాటన్నాడు. ఎలక్ట్రోప్లేటింగ్ జింకు గదుల్లో, ప్యానెల్ బోర్డుల్లో, బండి లోపలి భాగాల్లో బతుకుతుంది. బ్రాకెట్లని గాల్వనైజింగ్‌కి పంపమన్నాడు. 450 డిగ్రీల దగ్గర కరిగిన జింకులో ముంచి తీయడం. 5 మిల్లీమీటర్ల ప్లేటు మీద చదరపు మీటరుకి 610 గ్రాములు, అంటే 85 మైక్రాన్లు. మన 12 ఎక్కడ, ఆ 85 ఎక్కడ. పైగా అది ఇనుముతో కలిసి మిశ్రమ పొరగా పట్టుకుంటుంది, గీరితే రాలదు. కరెంటుతో పని లేదు కాబట్టి గూట్లోకి, మూలలోకి కూడా పోతుంది.

అయితే దాని తంతు దానిది. రెండు వైపులా మూసిన పైపు ముక్క మా బ్రాకెట్లో ఒకటుంది. గాల్వనైజింగ్ వాళ్లు చూడగానే వెనక్కి నెట్టేశారు. లోపల గాలీ తడీ చిక్కుకుంటే కరిగిన జింకులో బాంబులా పేలుతుందట. రెండు బొక్కలు వేసి పంపాం. వెల్డింగ్ స్లాగ్ యాసిడ్‌కి కరగదు, సరిగా కొట్టని చోట జింకు అంటకుండా నల్ల మచ్చ మిగిలింది. 3 మిల్లీమీటర్ల రేకు భాగం వేడికి కొద్దిగా మెలితిరిగింది. ట్యాప్ కొట్టిన రంధ్రాలన్నీ జింకుతో పూడిపోయాయి, మళ్లీ ట్యాప్ కొట్టాల్సొచ్చింది. ఒకే రోజు ముంచిన బ్రాకెట్లలో సగం తెల్లగా మెరిశాయి, సగం బూడిద రంగులో మసకగా వచ్చాయి. అది పనితనం లోపం కాదు. ఉక్కులో సిలికాన్ శాతం తేడా ఉంటే పూత అలా మందంగా, మసకగా పెరుగుతుంది. రెండు వేరే చోట్ల ప్లేటు కొన్న ఫలితం. భీమవరం ఆయన చూసి, "ఇదేంటండీ, కొత్తదానికి పాతదాని మొహం పెట్టారు" అన్నారు. చెరువు దగ్గర బండి కడిగే కుర్రాడు కూడా పసుపుదే బాగుందన్నాడట.

షాఫ్టు విషయంలో నేను కాస్త తొందరపడ్డాను. ఆయిల్ సీలు పెదవి రాసుకునే చోట షాఫ్టు అరిగి గాడి పడుతోందని, అక్కడ హార్డ్ క్రోమ్, అంటే గట్టి క్రోమియం పూత, వేయించాను. గట్టిదనంలో దానికి సాటి లేదు, విక్కర్స్ స్కేలు మీద 800 నుంచి 1,000. ఆ వాటు చూడ్డానికి భయమేసింది. ముదురు ఎరుపు ద్రావణం, సీసం ఆనోడులు, పసుపు పొగమంచు, ఆ పొగని లాగే పెద్ద డక్టు. లోహమంతా ద్రావణంలోని క్రోమిక్ యాసిడ్ నుంచే వస్తుంది. ఇచ్చిన కరెంటులో చాలా భాగం హైడ్రోజన్ కిందే పోతుంది కాబట్టి ఎక్కడం నిదానం. అంచుల్లో ఎక్కువ ఎక్కి మధ్యలో తగ్గుతుంది. అందుకే ఎక్కువ మందం వేసి, సిలిండ్రికల్ గ్రైండింగ్‌లో కొలతకి తీసుకురావాలి. ఇంతా చేసి పంపితే రెండు నెలలకి షాఫ్టు మీద క్రోమ్ తళతళలాడుతూనే ఉంది, దాని సందుల్లోంచి తుప్పు చారలు కారుతున్నాయి! హార్డ్ క్రోమ్‌లో కంటికి కనపడని సన్న పగుళ్లు పుట్టుకతోనే ఉంటాయి. నూనెలో తిరిగే హైడ్రాలిక్ రాడ్‌కి అవి మేలే చేస్తాయి, నూనె పట్టి ఉంచుతాయి. ఉప్పునీళ్లకి అవే దారులు. అరుగుదలకి మందు వేరు, తుప్పుకి మందు వేరు అని అక్కడ తెలిసింది.

చివరికి కుదిరింది ఎలక్ట్రోలెస్ నికెల్. ఇక్కడో తమాషా. మా లేతు మీద ఈఎన్ అంటే ఉక్కు గ్రేడు, ఈఎన్8, ఈఎన్24. ప్లేటింగ్ షాపులో ఈఎన్ అంటే ఎలక్ట్రోలెస్ నికెల్. 50 మైక్రాన్ల పూత అనే అర్థంలో "ఈఎన్8 షాఫ్టుకి ఈఎన్ 50" అని ఫోన్లో చెప్తే అవతలి కుర్రాడు ఈఎన్50 అనే ఉక్కు తన దగ్గర లేదన్నాడు. 1946లో అమెరికాలో బ్రెన్నర్, గ్రేస్ రిడెల్ అనే ఇద్దరు ఈ పద్ధతిని బయటపెట్టారు. కరెంటు లేదు. ద్రావణంలోని సోడియం హైపోఫాస్ఫైట్ నికెల్‌ని పార్టు మీదికి దించుతుంది, తనలోని ఫాస్ఫరస్ కొంత అందులో కలుస్తుంది. 90 డిగ్రీలకి కాస్త అటూ ఇటూ వేడి. ద్రావణం తగిలిన ప్రతి చోటా, బోరు లోపలా, కీవే (తాళం ముక్క పెట్టే గాడి) మూలల్లోనూ ఒకే మందం. ఫాస్ఫరస్ 10 శాతం దాటిన రకం తుప్పుకి బాగా ఆగుతుంది. 35 మిల్లీమీటర్ల షాఫ్టుని 34.90కి గ్రైండ్ చేసి పంపితే 50 మైక్రాన్లు వేసి 35.00 తెచ్చారు. మళ్లీ గ్రైండింగ్ లేదు. మైక్రోమీటర్ పెట్టి చూసిన రోజు మా ఆపరేటరు మూడుసార్లు కొలిచాడు, నమ్మక.

దీన్ని 400 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచితే గట్టిదనం దాదాపు రెట్టింపై హార్డ్ క్రోమ్ దగ్గరికి వస్తుంది. కానీ తుప్పుని ఆపే గుణం తగ్గుతుంది. మేం కాల్చలేదు. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. నికెల్ జింకులా బలికాదు. దాని గుణం ఇనుముకి తిరగబడి ఉంటుంది, సూది మొనంత రంధ్రం ఉన్నా అక్కడ ఇనుమే తినేస్తుంది. అందుకే పలుచగా వేయించుకుని డబ్బు మిగిలిందనుకోవడం దండగ. ఒకచోట చవకగా వస్తుందని ఇచ్చిన నమూనాల మీద మా గేజు పిచ్చి అంకెలు చూపించింది. మామూలు నికెల్ అయస్కాంతానికి అంటుతుంది, ఫాస్ఫరస్ ఎక్కువున్నది అంటదు. అనుమానమొచ్చి ఒకదాన్ని కోయించి బోరు లోపల చూస్తే ఒక అంగుళం దాటాక నికెలే లేదు. ఎలక్ట్రోలెస్ అని చెప్పి కరెంటు నికెల్ వేశారు. ఆ షాపు పేరు మనకెందుకు.

రొటర్ షాఫ్టు, అంటే చక్రాలు తిప్పే పొడుగు షాఫ్టు, దేనికీ లొంగలేదు. దాన్ని స్టెయిన్‌లెస్‌కే మార్చాం. అన్నిటికీ ప్లేటింగే జవాబు కాదు.

సాల్ట్ స్ప్రే టెస్టు గురించి చెప్పకపోతే కుదరదు. మా బాలానగర్‌లో ఏ ప్లేటరుని అడిగినా "96 అవర్స్ గ్యారంటీ సార్" అంటాడు. 5 శాతం ఉప్పునీటిని 35 డిగ్రీల గదిలో పొగమంచులా ఆపకుండా చల్లుతారు. జింకు మీద ముందు తెల్లటి బూజు లేస్తుంది, అది వైట్ రస్ట్. తరవాత ఎర్రది. 96 గంటలు అన్నప్పుడు తెలుపుకా ఎరుపుకా అని అడగాలి. పసుపు పాసివేషన్‌కి 96 అంటే తెల్లటి దానికి. మా మొదటి లాటు నమూనా ఒకటి ల్యాబులో పెడితే రెండు రోజులు తిరక్కుండానే ఎర్రబడింది. అయినా ఆ గంటల్ని చెరువు నెలలకి మార్చే లెక్క ఏదీ లేదు. ఈ లాటూ ఆ లాటూ ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోవడానికి పనికొస్తుంది, అంతవరకే.

ఒకరోజు చాచా నన్ను వెనకవైపు ట్యాంకుల దగ్గరికి తీసుకెళ్లాడు. క్రోమేట్ కడిగిన నీళ్లు నారింజ రంగులో ఉన్నాయి. యాసిడ్ పోసి, మెటాబైసల్ఫైట్ వేసి కలిపితే కళ్లముందే ఆకుపచ్చగా మారాయి. విషపు ఆరు వేలెన్సీ క్రోమియం మూడుకి దిగిందన్నమాట. తరవాత సున్నం వేస్తే బురదలా అడుగుకి చేరుతుంది. ఆ బురదని ఎక్కడపడితే అక్కడ పారబోయకూడదు, దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి. పాతకాలంలో క్రోమ్ వాట్ల దగ్గర ఏళ్లపాటు పనిచేసినవాళ్లకి ముక్కు దూలానికి చిల్లులు పడేవి. చాచా తన ముక్కు చూపించి, "నాది బచాయించింది" అని నవ్వాడు. యూరప్‌లో 2006 జులై నుంచి ఎలక్ట్రానిక్ వస్తువుల్లో ఈ ఆరు వేలెన్సీ క్రోమియం మీద కట్టడి వచ్చాక, ఎగుమతి సరుకు చాలా వరకు ట్రైవలెంట్, అంటే మూడు వేలెన్సీ క్రోమియం, పాసివేషన్‌కి మారింది. మేమూ అదే అడుగుతున్నాం. పసుపు కాస్త పలచగా, ఇంద్రధనుస్సు ఛాయలతో వస్తుంది. పాత పసుపే కావాలనే కస్టమర్లు ఇంకా ఉన్నారు.

ఇప్పుడు మా డ్రాయింగ్‌లో ఆ మూల ఒక్క లైను లేదు. ఏ లోహం, ఎక్కడ కొలిచినప్పుడు కనీసం ఎన్ని మైక్రాన్లు, ఏ పాసివేషన్, కొలతలు పూతకి ముందువా తరవాతవా, ఉక్కు గట్టిదనమెంత, బేకింగ్ కావాలా, ఏ ముఖం మీద పూత పడకూడదు, జిగ్గు ఎక్కడ పట్టుకోవచ్చు. పార్టు బొమ్మ కంటే ఆ రాతే పెద్దదైపోయిందని మా కుర్రాళ్లు నవ్వుతారు.

భీమవరం ఆయన మాత్రం పరీక్షలూ రిపోర్టులూ నమ్మరు. పోయిన ఏడాది రెండు బ్రాకెట్లు అడిగి తీసుకెళ్లారు. ఒకటి గాల్వనైజ్ చేసింది, ఒకటి 12 నుంచి 15 శాతం నికెల్ కలిసిన జింక్ నికెల్ పూత వేసింది. రెండిటినీ నైలాన్ తాడుతో ఒక ఏరేటర్ పక్కన, నీళ్లు చిందే చోట వేలాడదీశారు. నెలకోసారి ఫొటో పంపుతారు. మొన్న వచ్చింది పదకొండోది. జింక్ నికెల్ దాని మీద తెల్లటి మరకలున్నాయి, ఎరుపు లేదు. గాల్వనైజ్ చేసినది మసక బూడిద రంగుకి తిరిగింది, వెల్డు పక్కన ఒక ఎర్రటి చుక్క. స్లాగ్ సరిగా కొట్టని చోటు అయ్యుంటుంది. చుక్క ఎంత వెడల్పుందో చెప్పమని మెసేజ్ పెట్టాను. స్కేలు ఆనించి ఇంకో ఫొటో తీసి పంపారు. 4 మిల్లీమీటర్లు.